కిల్లింగ్ జోక్ సినిమా: ఆ మొదటి అరగంటని ఎలా చూడాలి?

ఎంవీపీ_మూర్తి
శనివారం రాత్రి మా ఇంట్లో ఫ్రెండ్స్ అందరం కూర్చుని ‘బ్యాట్‌మన్: ది కిల్లింగ్ జోక్’ చూశాం. 2016లో వచ్చిన యానిమేషన్ సినిమా. 1988 నాటి కామిక్ ఆధారంగా తీశారు. సినిమా గంటంబావు దాటి కొంచెమే, దాని మీద వాదన మాత్రం అర్ధరాత్రి దాకా నడిచింది. కామిక్ చదివినవాళ్లు మొదటి అరగంట అయ్యేసరికి విసుగొచ్చి బాల్కనీలోకి వెళ్లిపోయారు. చదవనివాళ్లు ‘బాగానే ఉంది కదా, మీకేమైంది?’ అంటున్నారు.

నా బాధ ఇది. కామిక్‌లో బార్బరా గోర్డన్‌కి అసలు కథే లేదు. తలుపు తీస్తుంది, ఎదురుగా బ్యాట్‌మన్ శత్రువు జోకర్ ఉంటాడు, కాల్చేస్తాడు. నడుం విరిగిపోతుంది. ఆ తర్వాత కథంతా వాళ్ల నాన్న కమిషనర్ గోర్డన్‌ది, బ్యాట్‌మన్‌ది, జోకర్‌ది. ఇది లోపమని సినిమావాళ్లకీ తెలుసు. బార్బరాయే ముసుగేసుకుని బ్యాట్‌గర్ల్‌గా తిరుగుతుంది కాబట్టి, ముందు అరగంట ఆ బ్యాట్‌గర్ల్ కథ కొత్తగా రాసి పెట్టారు. ఆ అరగంటలో జోకర్ కనబడడు. తర్వాత వచ్చే కథకీ దానికీ అతుకు కుదరలేదు. మరి ఈ సినిమాని కామిక్ పక్కన పెట్టుకుని తూచాలా, కామిక్ సంగతి వదిలేసి ఉన్నదాన్ని ఉన్నట్టు చూడాలా?

గాజువాక_బాబి
సెకండాఫ్ కోసం ఫస్టాఫ్ భరించడం మనకి కొత్తేటి మూర్తి అన్నా.

సిరిపురం_శిరీష
బాబీ, ఫస్టాఫ్ భరించాల్సినంత చెడ్డగా లేదు. నాకు నచ్చింది కూడా. కారణాలు తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు ఆఫీసులో ఉన్నాను.

పాతపుస్తకాల_పార్వతి
మూర్తిగారి ప్రశ్నకి నా సమాధానం: కామిక్ పక్కన పెట్టుకునే తూచాలి. ఎందుకంటే ఆ పేరు పెట్టుకున్నది వాళ్లే. ఆ పేరు చూసే మనమూ కూర్చున్నాం.

చదవనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. కథ ఆలన్ మూర్‌ది, బొమ్మలు బ్రయాన్ బోలండ్‌వి. యాభై పేజీలు కూడా ఉండవు. మొదటి పేజీలో నీటిగుంటలో వాన చినుకులు పడుతుంటాయి. బ్యాట్‌మన్ కారు దిగి పిచ్చాసుపత్రిలోకి వెళ్తాడు. మనిద్దరిలో ఎవరో ఒకరు రెండోవాడిని చంపేదాకా ఇది ఆగదు, ఒక్కసారి మాట్లాడుకుందాం అని జోకర్‌తో చెప్పడానికి వెళ్తాడు. చివరి పేజీలో మళ్లీ అదే వాన, అవే చినుకులు. కథంతా ఒక వలయంలా కట్టారు. లోపల కూడా అంతే. ఇప్పటి జోకర్ ఏదో భంగిమలో నిలబడితే, పక్క గడిలో పాత రోజుల్లో అదే భంగిమలో అతనే ఉంటాడు. మాట అవసరం లేకుండా కాలం మారిపోతుంది.

ఇంత కొలిచి కట్టినదాని ముందు అరగంట తెచ్చి తగిలిస్తే ఆ వలయం తెగిపోదా? సినిమాలో వాన సీను వచ్చేసరికి మనం అప్పటికే వేరే కథ ఒకటి చూసి అలిసిపోయి ఉంటాం. నా కోపమంతా అక్కడే.

లాసన్స్‌బే_లత
పార్వతిగారు చెప్పిన వలయం మాట నిజం. కానీ ఆ వలయంలో బార్బరాకి చోటెక్కడుందో కూడా చెప్పండి. చక్కగా కట్టిన కథే, దాన్ని ఒక ఆడపిల్ల వెన్నెముక మీద కట్టారు. మూర్ కూడా తర్వాత రోజుల్లో ఇంటర్వ్యూల్లో ఆ నిర్ణయం మీద అసంతృప్తి చెప్పాడు.

పాతపుస్తకాల_పార్వతి
లతా, దానికి అడ్డు చెప్పడం లేదమ్మా. కామిక్‌లో లోపం ఉంది. లోపాన్ని సరిచేయడానికి ఎంచుకున్న దారి గురించే నా మాట.

గాజువాక_బాబి
మా అన్నయ్య కొడుకు ఎనిమిదో క్లాసు. యానిమేషనే కదా అని ఆదివారం వాడికి పెట్టేద్దామని డౌన్‌లోడ్ చేసి ఉంచాను. పెట్టొచ్చా?

ఎంవీపీ_మూర్తి
వద్దు బాబీ. అమెరికాలో దీనికి ఆర్ రేటింగ్ ఇచ్చారు. అంటే పదిహేడేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లు పక్కన లేకుండా హాల్లో చూడకూడదు. బ్యాట్‌మన్ యానిమేషన్ సినిమాల్లో ఆ రేటింగ్ వచ్చిన మొదటిది ఇదే. కాల్పుల తర్వాత బార్బరాని జోకర్ ఫోటోలు తీసే సీను ఉంది. పెద్దవాళ్లకే కడుపులో దేవేస్తుంది.

గాజువాక_బాబి
తీసేశాను. వాడికి పాత టీవీ సీరియల్ పెడతాను.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్
కథ మీద మీరంతా మాట్లాడుతున్నారు కాబట్టి నేను బొమ్మ గురించి చెబుతాను. యానిమేషన్ పనిలో ఉన్నవాణ్ణి, ఈ సినిమా నన్ను బాధపెట్టింది అందుకే.

బోలండ్ గీతని ఒకసారి దగ్గరగా చూడండి. జోకర్ ముఖంలో ఒక్కో ముడత, పళ్ల మధ్య నీడ, కోటు మడతల్లో సన్నసన్నని గీతలు. ఒక పేజీకి ఎంత టైమైనా తీసుకునే మనిషి ఆయన. కాగితం మీద బొమ్మ కదలదు కాబట్టి కుదిరింది. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. ఒక బొమ్మని రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు గీయాలి. కదలికలో ముఖ్యమైన బొమ్మలు, అంటే కీ ఫ్రేములు, ఒకరు గీస్తారు, మధ్యలోవి ఇంకొకరు పూరిస్తారు. అందరి చేతిలోనూ ఒకే ముఖం రావాలంటే గీతలు తగ్గించక తప్పదు. అందుకని ముడతలు పోతాయి, నీడలు చదునైపోతాయి.

ఇక్కడి వరకు ఎవరినీ తప్పు పట్టను. కానీ గీతలు తగ్గించినప్పుడు ఆ లోటుని వెలుతురుతో, కెమెరా కదలికతో, నిశ్శబ్దంతో పూడ్చాలి. ఈ సినిమాలో చాలాచోట్ల మనుషులు కొయ్యబొమ్మల్లా నిలబడి మాట్లాడుతుంటారు, పెదాలు మాత్రమే ఆడతాయి. కామిక్‌లో జోకర్ మొదటిసారి రసాయనాల కాలవలోంచి లేచి, తల పట్టుకుని నవ్వే పేజీ ఉంది చూడండి. అది చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. సినిమాలో అదే సీను వచ్చి వెళ్లిపోతుంది, అంతే.

కైలాసగిరి77
ఫ్రేమ్ గారు, బడ్జెట్ సంగతో? ఇవి ఇంట్లో డిస్కు పెట్టుకుని చూడటానికి తీసే సినిమాలు. హాల్లో ఆడే పెద్ద యానిమేషన్‌తో పోల్చితే అన్యాయం.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్
వాటితో పోల్చడం లేదు. ఇదే కంపెనీ, ఇదే పద్ధతిలో తీసిన బ్యాట్‌మన్ సినిమా ‘అండర్ ది రెడ్ హుడ్’ 2010లో వచ్చింది. కదలిక, ఫైట్లు, ముఖాల్లో భావం అన్నీ దీనికంటే మెరుగు. డబ్బు ఒక్కటే కారణమైతే అది కూడా ఇలాగే ఉండాలి కదా.

డబ్బింగ్_డేవిడ్
బొమ్మ సంగతేమో గానీ గొంతుల విషయంలో ఎవరూ వంక పెట్టలేరు. బ్యాట్‌మన్‌కి కెవిన్ కాన్రాయ్, జోకర్‌కి మార్క్ హామిల్. 1992లో మొదలైన టీవీ సీరియల్ నుంచి ఈ జోడీ ఉంది. హామిల్ ఈ కథ చేయాలని చాలా ఏళ్లుగా కోరుకున్నాడు. ఆ ఆకలి గొంతులో వినబడుతుంది.

మన దగ్గర బొమ్మ ముందు వస్తుంది, దాని పెదాలకి తగ్గట్టు మేం మాట అతికిస్తాం. అక్కడ గొంతు ముందు రికార్డు చేస్తారు, దాన్ని బట్టి బొమ్మ గీస్తారు. కాబట్టి హామిల్ ఎక్కడ ఆగాడో, ఎక్కడ ఊపిరి పీల్చాడో అక్కడే బొమ్మ కూడా ఆగాలి. జోకర్ పాత రోజుల కథలో, భార్య చనిపోయిందని పోలీసులు చెప్పినప్పుడు అతని గొంతు వినండి. అప్పటికింకా అతను జోకర్ కాదు, డబ్బుల్లేని కమెడియన్. ఒక్క నవ్వు కూడా లేకుండా చెబుతాడు. అక్కడే జోకర్ పుట్టబోతున్నాడని మనకి అర్థమవుతుంది. నేను కళ్లు మూసుకుని రెండోసారి విన్నాను ఆ భాగం.

2022 నవంబరులో కాన్రాయ్ పోయాక మళ్లీ పెట్టుకున్నాను. చివర్లో జోకర్‌తో ‘నీకు సాయం చేస్తాను, కోలుకోవచ్చు’ అనే మాటలు ఆయన చెప్పిన తీరు ఉంది చూశారా, ఆ మెత్తదనం ఒక్కటి చాలు నాకు ఈ సినిమా ఉంచుకోవడానికి.

గాజువాక_బాబి
డేవిడ్ బాబాయ్, అయితే కళ్లు మూసుకుని చూడాల్సిన సినిమా అన్నమాట. ఫ్రేమ్ గారికి కూడా అదే మందు.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్
ఒప్పుకుంటాను :) గొంతులకి పది మార్కులు.

సిరిపురం_శిరీష
ఇప్పుడు తీరిక దొరికింది. మొదటి అరగంట ఎందుకు నచ్చిందో చెబుతాను.

ప్యారిస్ ఫ్రాంజ్ అని ఒక కుర్ర గూండా. బ్యాట్‌గర్ల్ వెంటపడతాడు. ఆమెని ఆటబొమ్మలా చూస్తాడు. అతన్ని పట్టుకోవాలన్న పట్టుదల, అతను తనని లెక్క చేయడం లేదన్న కోపం, బ్యాట్‌మన్ తనని పక్కకి తప్పుకోమంటే వచ్చే ఉక్రోషం, ఇవన్నీ ఆమెలో కనబడతాయి. చివరికి ఫ్రాంజ్‌ని చితక్కొడుతూ, ఎక్కడ ఆగాలో తెలియని చోటికి తను వెళ్లిపోతోందని గ్రహించి ముసుగు తీసి పక్కన పెట్టేస్తుంది. ఎవరూ తీయించలేదు, తనే తీసింది. కామిక్‌లో ఆమెకి ఇంత మనసు ఉందా? తలుపు తీయడం తప్ప ఏం చేసిందక్కడ?

డాబా మీద బ్యాట్‌మన్‌తో శారీరకంగా దగ్గరయ్యే సీను నాకూ నచ్చలేదు. అది లేకపోయినా కథ నడిచేది. అయితే ఆ ఒక్క సీను కోసం అరగంటంతా చెత్తబుట్టలో వేయకండి. నిర్మాత బ్రూస్ టిమ్‌కి ఈ ఊహ కొత్తది కూడా కాదు. ‘బ్యాట్‌మన్ బియాండ్’ సీరియల్లోనే వాళ్లిద్దరి మధ్య ఒకప్పుడు ఏదో ఉందని సూచించారు.

లాసన్స్‌బే_లత
శిరీషా, నువ్వు చెప్పిన ప్రతి భావానికీ కారణం ఎవరో చూడు. కోపం బ్యాట్‌మన్ మీద. ఉక్రోషం బ్యాట్‌మన్ మాట వల్ల. ఆ సీను తర్వాత వచ్చే దిగులు బ్యాట్‌మన్ ఫోన్ చేయలేదని. లైబ్రరీలో పని చేసే తెలివైన పిల్ల, స్నేహితుడితో మాట్లాడేది కూడా ఈ ‘సంబంధం’ గురించే. ఆమెకంటూ ఒక లోకం ఎక్కడుంది? పుస్తకాలు, కంప్యూటర్లు, నాన్నతో అనుబంధం, ఇవేవీ లేవు. ముఖ్యంగా నాన్న. రెండో భాగంలో జోకర్ ఆమె ద్వారా దెబ్బ కొట్టేది గోర్డన్‌నే. ఆ తండ్రీకూతుళ్లు కలిసి ఒక పూట భోజనం చేసే సీను ముందే పెట్టి ఉంటే, తలుపు తీసినప్పుడు మన గుండె ఆగిపోయేది.

సిరిపురం_శిరీష
తండ్రీకూతుళ్ల మాట బాగుంది లతా. అది ఉండాల్సింది. కానీ ఇరవైల్లో ఉన్న అమ్మాయికి తన గురువంటి మనిషి మీద ఇష్టం, కోపం రెండూ ఉండటం తక్కువతనమా? అది కూడా లోకమే.

లాసన్స్‌బే_లత
తక్కువతనం అనడం లేదు. అది ఒక్కటే ఉండటం తక్కువ.

కైలాసగిరి77
2016లో సాన్ డియేగో కామిక్‌కాన్‌లో, అంటే కామిక్స్ అభిమానుల పెద్ద సభలో, మొదటిసారి వేసినప్పుడే దీని మీద ప్రశ్నోత్తరాల్లో పెద్ద రగడ అయింది. స్క్రిప్టు రాసిన బ్రయాన్ అజరెల్లో ప్రశ్న అడిగిన అతని మీద నోరు జారాడు. మనమే నయం.

పాతపుస్తకాల_పార్వతి
శిరీష, లత ఇద్దరి మాటా విన్నాక కూడా నా మొదటి మాట మారలేదు. చిన్న కథని చిన్నగానే తీయొచ్చు. బ్యాట్‌మన్ కామిక్ మీదే తీసిన ‘ఇయర్ వన్’ 2011లో వచ్చింది, గంట పైన నాలుగు నిమిషాలే. కామిక్‌ని అంటిపెట్టుకుని తీశారు, ఎవరూ చిన్నదైపోయిందని ఏడవలేదు. ‘డార్క్ నైట్ రిటర్న్స్’ కూడా బ్యాట్‌మన్ కామిక్కే, పెద్ద కథ, రెండు భాగాలుగా తీశారు. కథకి తగ్గ కొలత ఉండాలి. కిల్లింగ్ జోక్ నలభై అయిదు నిమిషాల సినిమా. ఆ మాట ధైర్యంగా చెప్పి అలాగే విడుదల చేసి ఉంటే ఈ రోజు మనమంతా దాన్ని పొగుడుతూ ఉండేవాళ్లం.

గాజువాక_బాబి
నలభై అయిదు నిమిషాలకి టికెట్టు కొంటామా అమ్మా? జగదాంబలో ఇంటర్వెల్ కూడా పడదు.

పాతపుస్తకాల_పార్వతి
మంచిదైతే నేను కొంటాను బాబీ.

నీలిగీత
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను.

మా అక్క స్కూటర్ యాక్సిడెంట్ తర్వాత చక్రాల కుర్చీలోనే ఉంది. నడుం కింద స్పర్శ లేదు. ఆమెకి ఈ సినిమా గురించి నేను చెప్పలేదు, తనే చూసి నాకు చెప్పింది. అందరూ కాల్పుల సీను దగ్గర ఆగిపోతారు, తను అక్కడ ఆగలేదు. పేర్లు పడుతున్నప్పుడు మధ్యలో చిన్న సీను వస్తుంది చూడండి. బార్బరా కుర్చీలో వచ్చి, గదినిండా తెరలు వెలిగించి, పనిలో దిగుతుంది. కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేసే ‘ఒరాకిల్’ అవుతుంది, అది ఆమె కొత్త పేరు. ‘ఆ ముక్క నుంచి మొదలుపెట్టి గంటసేపు తీయాల్సింది’ అంది మా అక్క.

ఆ మాట విన్నాక నాకు సినిమా మొత్తం వేరేలా కనబడింది. జోకర్ వాదన ఏమిటి? ఒక్క చెడ్డ రోజు చాలు, ఎంత మంచివాడైనా నాలా అయిపోతాడు అని. దాన్ని నిరూపించడానికి గోర్డన్‌ని పాడుబడ్డ ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కి ఎత్తుకుపోయి, కూతురి ఫోటోలు చూపించి హింసిస్తాడు. గోర్డన్ విరగడు. ‘వాణ్ణి చట్టప్రకారమే పట్టుకో’ అంటాడు బ్యాట్‌మన్‌తో. జోకర్ ఓడిపోయాడని కథ అక్కడ చెబుతుంది.

కానీ ఆ రోజు గోర్డన్ కంటే పెద్ద దెబ్బ తిన్నది బార్బరా. ఒంటి మీద గుండు ఆమెదే, కాళ్లు పోయింది ఆమెకే. ఆమె కూడా విరగలేదు. జోకర్‌కి అసలైన జవాబు ఆమే. కామిక్ ఈ సంగతి పట్టించుకోలేదు. అందులో ఆమె ఆసుపత్రి మంచం దగ్గరే ఆగిపోతుంది. 1989లో ‘సూసైడ్ స్క్వాడ్’ కామిక్‌లో జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ కలిసి ఆమెని ఒరాకిల్‌గా తిరిగి తెచ్చారు. అంటే వేరేవాళ్లు వచ్చి ఆమెని కాపాడాల్సి వచ్చింది. సినిమావాళ్ల చేతికి అవన్నీ దొరికాయి. అరగంట కలిపే స్వేచ్ఛ కూడా ఉంది. ఆ అరగంటని ముందు పెట్టారు. వెనక పెట్టాల్సింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదటి నెలలు ఎలా ఉంటాయో మా ఇంట్లో చూశాం. మంచం మీంచి కుర్చీలోకి మారడం నేర్చుకోవడం, బాత్రూం గుమ్మం వెడల్పు చేయించడం, పలకరించడానికి వచ్చినవాళ్లు తన మొహం వైపు కాక మా అమ్మ మొహం వైపు చూసి మాట్లాడటం. రామకృష్ణా బీచ్ రోడ్డు మీదకి మళ్లీ వెళ్లిన సాయంత్రం అక్క ఎంత కబుర్లు చెప్పిందో. ఇంత కథ ఉంది అక్కడ. ఫ్రాంజ్ లాంటి గూండా కథ ఎవరైనా రాయగలరు.

ఎంవీపీ_మూర్తి
నీలిగీత గారూ, మీరు రాసినందుకు చాలా థాంక్స్. మీ అక్కగారి మాట నేరుగా పాయింట్ మీదకి వచ్చింది.

సిరిపురం_శిరీష
వెనక పెట్టడం... ఇది నాకు తట్టలేదు. నేను మొదటి అరగంటని సమర్థించింది ఆమెకి ఏదో ఒక కథ ఉండాలనే. ఈ కథ అయితే ఇంకేం కావాలి.

కైలాసగిరి77
ఒక అడ్డు. వెనక అరగంట పెడితే అది కిల్లింగ్ జోక్ అవదు కదా? వాన, చివర్లో జోకర్ చెప్పే జోకు, బ్యాట్‌మన్‌తో కలిసి ఇద్దరూ నవ్వడం, బ్యాట్‌మన్ అతన్ని చంపాడా లేదా అని మనం తలబద్దలు కొట్టుకోవడం, ఇదంతా ముగింపు. దాని తర్వాత ఇంకో కథ నడిపితే పార్వతిగారి వలయం ఆ చివర తెగుతుంది.

పాతపుస్తకాల_పార్వతి
తెగుతుంది. అయినా ఆ చివర తెగితే నేను ఒప్పుకుంటాను. జోకర్ వాదనకి జవాబు కాబట్టి అది అదే కథ. ముందు పెట్టినది వేరే కథ.

డబ్బింగ్_డేవిడ్
బార్బరాకి గొంతిచ్చిన తారా స్ట్రాంగ్ 1997 సీరియల్ నుంచి ఆ పాత్ర చేస్తోంది. అలాంటి కథ ఇచ్చి ఉంటే చెలరేగిపోయేది. ఆసుపత్రిలో ‘నాన్నని ఏం చేస్తాడో’ అని బ్యాట్‌మన్ కోటు పట్టుకుని అరిచే ఆ కాసేపే చాలు, ఆమె సత్తా తెలుస్తుంది.

లాసన్స్‌బే_లత
నీలిగీత, ఇంకో కోణం కూడా ఉంది. 2011లో కామిక్స్‌లో బార్బరాని మళ్లీ నడిచేలా చేసి బ్యాట్‌గర్ల్‌ని చేశారు. అప్పుడు కుర్చీలో ఉన్న పాఠకులు చాలామంది బాధపడ్డారు, మా హీరోయిన్‌ని మా దగ్గర్నుంచి తీసుకుపోయారని. మీ అక్కగారు ఏమంటారో అడగండి, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

నీలిగీత
అడిగాను, పక్కనే ఉంది. ‘నడిపించినందుకు కోపం లేదు, కుర్చీలో ఉన్నప్పుడు ఆమె చేసిన పని మర్చిపోతేనే కోపం’ అంటోంది. ఇంకా ఏదో అంటోంది గానీ నేను టైప్ చేసేలోపు మారిపోతోంది. తననే ఇక్కడ అకౌంట్ తెరవమన్నాను.

గాజువాక_బాబి
అక్కకి స్వాగతం. ఏ హ్యాండిల్ పెట్టుకున్నా ఒరాకిల్ అనే పిలుస్తాం.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్
ఈ సినిమాకి నేనింతకుముందు బొమ్మని బట్టే మార్కులు వేశాను. అవి అలాగే ఉంటాయి. నీలిగీత గారి మాట చదివాక ఆ పేర్ల మధ్య సీను మళ్లీ పెట్టి చూశాను. తెరల వెలుతురు ముఖం మీద పడే తీరు బాగా చేశారు. మొత్తం సినిమాలో వెలుతురు మీద శ్రద్ధ పెట్టిన కొద్ది చోట్లలో అదొకటి.

కైలాసగిరి77
మూర్తిగారి అసలు ప్రశ్నకి నా ఓటు: ఉన్నదాన్ని ఉన్నట్టే చూడాలి. కామిక్ చదవనివాడిగా చెబుతున్నాను, రెండో భాగం నన్ను కట్టిపడేసింది. మొదటిది సోసో. పదికి ఆరు.

పాతపుస్తకాల_పార్వతి
కామిక్ చదివి మళ్లీ చెప్పు బాబూ. నా ప్రతి ఇస్తాను. 2008లో బోలండ్ తనే రంగులు మార్చి వేసిన ఎడిషన్. పాత రోజుల సీన్లు నలుపు తెలుపుల్లో, అక్కడక్కడ ఎరుపు మాత్రం పెట్టాడు. 1988లో జాన్ హిగ్గిన్స్ వేసిన ఊదా, నారింజ రంగుల ముద్రణ వేరే అనుభవం. అది నా దగ్గర లేదు.

లాసన్స్‌బే_లత
నాకు పాత రంగులే ఇష్టం. ఆ ఎగ్జిబిషన్ గ్రౌండ్ జ్వరం వచ్చినవాడి కలలా ఉంటుంది. 2008ది మరీ శుభ్రంగా ఉంది.

పాతపుస్తకాల_పార్వతి
దీని మీద ఇంకో దారం మొదలుపెట్టు లతా, అక్కడ తేల్చుకుందాం.

ఎంవీపీ_మూర్తి
వచ్చే శనివారం మళ్లీ మా ఇంట్లోనే. ముందు కామిక్ అందరం చదువుదాం, తర్వాత సినిమా. మొదటి అరగంట వదిలేసి పెట్టాలని నా ఆలోచన.

సిరిపురం_శిరీష
వదిలేయడానికి నేను ఒప్పుకోను. చూడకుండా తీర్పు ఎలా చెబుతారు? మొత్తం పెట్టండి, బాల్కనీ తలుపు మూసేయండి.

ఎంవీపీ_మూర్తి
సరే, మొత్తం పెడతాను. నీలిగీత గారూ, మా అపార్ట్‌మెంట్‌కి లిఫ్టూ ర్యాంపూ రెండూ ఉన్నాయి. అక్కగారికి వీలైతే తీసుకురండి. లత, పాత రంగుల ప్రతి ఉంటే నువ్వు తేవాలి.